పలకపై నిలిచిన పలుకు

చంద్రశేఖరపురమునకు చేరువలో, వెలికొండల నడుమ, భైరవకోన ఉన్నది. కొండరాతిని తొలిచి మలచిన ఎనిమిది గుహాలయములు అక్కడ ఉన్నవి. ఏనాటి శిల్పియో ఉలితో దిద్దిన రూపము ఈనాటికీ చెక్కుచెదరక మన కన్నుల యెదుట నిలిచియున్నది. కాని ఆ శిల్పులు రాయి కొట్టుచు పాడుకొన్న పాట ఎక్కడ? వారి పలుకుబడి ఎట్టిది? వారి గొంతు ఎట్లుండెడిది? ఆ సంగతి ఆ కొండకే తెలియదు. రూపమును రాయి దాచినది. మాటను తాటాకు దాచినది. గొంతును దాచగల వస్తువు మాత్రము మానవునకు వేల యేండ్లపాటు దొరకలేదు. త్యాగరాజస్వామి కృతులు మనకు దక్కినవి, ఆయన గాత్రము దక్కలేదు. క్షేత్రయ్య పదములు మిగిలినవి, ఆ పదములను ఆయన పాడిన తీరు మిగులలేదు.

చంద్రశేఖరపురమునకు ఉత్తరముగా మార్కాపురము ఉన్నది. పలకలకు ఆ ఊరు పెట్టినది పేరు. తెలుగునాట ఎన్ని తరముల పిల్లలు ఆ నల్లరాతి పలకలపై ఓనమాలు దిద్దినారో లెక్క కట్టలేము. ఆ రాతిపలకకు అన్నదమ్ముని వరుస కాదగిన మరియొక నల్లని పలక ఉన్నది. అది గుండ్రనిది. దానిమీద వ్రాత కంటికి అందదు, సూదికి అందుతుంది. దానిని గ్రామఫోను రికార్డు అన్నారు, వాడుకలో ప్లేటు అన్నారు. పాతకాలపు రికార్డును విరిచి చూచినచో అందులో ఉండునవి లక్క, మెత్తగా నూరిన రాతిపొడి, కొంచెము దూదినూగు, మసి. ఆ రాతిపొడిగా పలకరాతి పొడిని కూడ వాడెడివారు. రాతిపలక మీది అక్షరమును తడిబట్టతో తుడిచివేయవచ్చును. ఈ పలకమీది పలుకు మాత్రము తుడిచినకొలదీ స్పష్టమగును. ఈ గుండ్రని పలకను లోకమునకు ఇచ్చినవాడు ఎమిల్ బెర్లినర్.

పలుకు యంత్రమనగానే మన బడిపిల్లలు ఎడిసన్ పేరు చెప్పుదురు. అది న్యాయమే. ధ్వనిని పట్టి తిరిగి వినిపించిన మొదటి యంత్రము 1877లో ఎడిసన్ చేసినదే. కాని ఎడిసన్ యంత్రములో ధ్వని నిలిచినది గొట్టము మీద. పలక మీద కాదు. ఒక గొంతును పట్టుట ఒక విద్య. పట్టిన గొంతును వేయిమందికి పంచుట వేరొక విద్య. ఆ రెండవ విద్యకు ఆద్యుడు బెర్లినర్. అతని పేరు తెలిసినవారు తక్కువ, అతని చలువ అనుభవించినవారు కోట్లమంది.

బెర్లినర్ 1851 మే 20వ తేదీన జర్మన్ దేశములోని హానోవర్ నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించినాడు. తండ్రి శామ్యూల్ వర్తకుడు, మతగ్రంథములు బాగుగా చదివినవాడు. తల్లి శారా సంగీతమందు అభిరుచి గలది. ఆ దంపతులకు పదముగ్గురు సంతానము. ఇల్లు పెద్దది, ఆదాయము చిన్నది. కనుక బాలుని చదువు వుల్ఫెన్‌బుట్టెల్ పాఠశాలలో పదునాలుగవ యేటనే ముగిసినది. ఆ పిమ్మట అతడు కొంతకాలము అచ్చుకూటములో పనివానిగా చేరినాడు, కొంతకాలము బట్టలకొట్టులో గుమాస్తాగా ఉన్నాడు. అచ్చుకూటములోని ఆ కొద్దికాలపు పని వ్యర్థము కాలేదని ఇరువది యేండ్ల తరువాత తేలినది.

1866లో ప్రష్యా రాజ్యము హానోవర్‌ను కలుపుకొన్నది. 1870 నాటికి ఫ్రాన్సుతో యుద్ధము కమ్ముకొని వచ్చినది. పందొమ్మిదేండ్ల యువకులను సైన్యములోనికి పిలుచు కాలమది. ఆ యేడే బెర్లినర్ ఓడయెక్కి అమెరికాకు పోయినాడు. కుటుంబమునకు తెలిసిన ఒక వర్తకుడు వాషింగ్టను నగరములో బట్టలకొట్టు నడుపుచుండెను. అక్కడ మరల గుమాస్తా పనియే. మూడేండ్ల తరువాత న్యూయార్కు చేరి చిల్లరపనులు చేసినాడు. శాకరిన్ అను తీపిపదార్థమును కనుగొని తరువాత కీర్తిపొందిన ఫాల్‌బర్గ్ అను రసాయనజ్ఞుని ప్రయోగశాలలో సీసాలు కడుగుట మొదలైన పనులు చేసినాడు. పగలు ఆ పని, రాత్రులు కూపర్ సంస్థలో చదువు. విద్యుత్తును గూర్చి, ధ్వనిని గూర్చి దొరికిన పుస్తకములను చదివినాడు. కళాశాల పట్టము అతనికి ఏనాడును లేదు. బడి విడిచిన తరువాత చదువు విడువకుండుటయే అతని పట్టము.

1876లో వాషింగ్టనుకు తిరిగివచ్చునప్పటికి దేశమంతయు గ్రాహంబెల్ కనిపెట్టిన టెలిఫోను గూర్చి చెప్పుకొనుచుండెను. ఆ యంత్రములో విను భాగము బాగుగనే యున్నది కాని, మాటను పంపు భాగము బలహీనము. గొంతు చించుకొని అరచినను అవతలివానికి సన్నగా వినిపించెడిది. బెర్లినర్ తన అద్దెగదిలో ఈ లోపమును గూర్చి ఆలోచింపసాగినాడు. ఒకనాడు తంతికచేరిలో పనిచేయు ఒక మిత్రునియొద్ద తంతివిద్య నేర్చుకొనుచుండగా, మీటను గట్టిగా నొక్కవలెనని ఆ మిత్రుడు చెప్పినాడు. నొక్కుడు గట్టిదైనకొలదీ లోహములు బాగుగా తాకి ఎక్కువ విద్యుత్తు ప్రవహించునని దాని తాత్పర్యము. ఎందరో తంతివారికి తెలిసిన చిన్న సంగతి అది. బెర్లినర్‌కు మాత్రము అందులో గొప్ప తత్త్వము గోచరించినది. మాటవలన గాలి కంపించును. ఆ కంపనము ఒక పలుచని రేకును నొక్కును, వదలును. ఆ రేకు మరియొక లోహబిందువును తాకియున్నచో, నొక్కుడును బట్టి విద్యుత్తు హెచ్చును, తగ్గును. అనగా మాట తన రూపమును తానే విద్యుత్తు మీద ముద్రించును. పిల్లల ఆటడోలు వంటి సామాన్యవస్తువులతో అతడు ఆ పరికరమును చేసి చూపినాడు. 1877 ఏప్రిలులో దానిని గూర్చి ప్రభుత్వమునకు ముందస్తు విజ్ఞప్తి దాఖలు చేసినాడు. మైక్రోఫోను చరిత్రలో ఇది మొదటి మెట్లలో ఒకటి.

మరుసటి యేడు బెల్ కంపెనీవారు ఆ హక్కులను కొని, అతనికి కొలువిచ్చినారు. ఈ పేటెంటు మీద నడచిన వ్యాజ్యములు బహుకాలము సాగినవి. ప్రభుత్వమే దానిని రద్దుచేయవలెనని దావా వేయగా, 1897లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కోరికను త్రోసివేసినది. ఈలోగా 1881లో బెర్లినర్ అమెరికా పౌరుడైనాడు. ఆ సంవత్సరమే కోరా ఆడ్లర్ అను కన్యను వివాహమాడినాడు. ఆ సంవత్సరమే సోదరునితో కలిసి హానోవరులో టెలిఫోను కర్మాగారము స్థాపించినాడు. 1884లో మంచి జీతము గల ఉద్యోగమును విడిచి, వాషింగ్టనులో ఇల్లు కట్టుకొని, స్వతంత్రముగా పరిశోధనకు పూనుకొన్నాడు.

ఇక్కడ ఆనాటి స్థితిని కొంత చెప్పవలెను. ఎడిసన్ తన యంత్రములో తగరపు రేకు చుట్టిన గొట్టమును వాడినాడు. తరువాత ఇతరులు మైనపు గొట్టములు తెచ్చినారు. మాట్లాడినప్పుడు సూది క్రిందికి పైకి కదలి, గొట్టము మీద మిట్టపల్లములు చేసెడిది. దీనిలో పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. గొట్టమునకు అచ్చు పోయుట ఆ దినములలో సులభము కాలేదు. ఒక పాటకు నూరు ప్రతులు కావలెనన్నచో, గాయకుడు కొన్ని యంత్రముల ముందు నిలిచి, ఆ పాటనే మరల మరల పాడవలసినదే. తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాసుకొన్నట్లు ఇది ఒక్కొక్కటిగా సాగెడి పని. అచ్చుయంత్రము రాకపూర్వము పుస్తకము ఎట్టిదో, బెర్లినర్ రాకపూర్వము పాట అట్టిది.

బెర్లినర్ రెండు మార్పులు చేసినాడు. 1857లో లియోన్ స్కాట్ అను ఫ్రెంచివాడు మసిపూసిన కాగితముపై ధ్వని ఆకృతిని గీయు యంత్రము చేసియుండెను. అందు గీత ప్రక్కలకు వంకరలు పోయెడిది. బెర్లినర్ ఆ పద్ధతిని స్వీకరించి, సూది పైకి క్రిందికి కాక ఇరుప్రక్కలకు ఊగునట్లు చేసినాడు. లోతు ఎల్లెడల సమానముగా నుండును. పాట అంతయు వంకరలలోనే యుండును. పైగా ఆ గాడియే సూదిని చేయిపట్టి నడిపించుకొని పోవును కనుక, సూదిని జరుపుటకు వేరొక మరచుట్టు అక్కరలేదు. ఇక రెండవ మార్పు, గొట్టమునకు బదులు చదునైన పలకను వాడుట. చదునైన వస్తువునకే కదా అచ్చు వేయుట సులభము. చిన్ననాడు అచ్చుకూటములో చూచినది ఇక్కడ అతని చేతికి అక్కరకు వచ్చినది. ఈ యంత్రమునకు అతడు గ్రామఫోను అని పేరు పెట్టినాడు. 1887 నవంబరు 8వ తేదీన పేటెంటు లభించినది.

అతడు పలకను చేసిన విధానము మన విద్యార్థులకు ఆసక్తికరముగా నుండును. నున్నగా మెరుగుపెట్టిన జింకు పలకపై తేనెమైనపు పలుచని పూత పూయును. కొమ్ముబూర ముందు గాయకుడు పాడగా, సూది ఊగుచు ఆ పూతను గీకుకొని పోవును. పిమ్మట ఆ పలకను క్రోమికామ్లములో ఉంచును. పూత ఉన్నచోట ఆమ్లము జింకును అంటదు. సూది గీకినచోట మాత్రము తినివేసి సన్నని గాడి చేయును. ఆ పలకపై విద్యుత్తుతో మరియొక లోహమును పేరబెట్టి ఊడదీసినచో ఎదురచ్చు వచ్చును. గాడి ఉన్నచోట గట్టు ఉండును. వేడిమికి మెత్తబడిన పదార్థముపై ఆ అచ్చును అదిమినచో ఒక్కొక్క అదుముడుకు ఒక్కొక్క పాట. గాయకుడు ఒకసారి పాడి ఇంటికి పోవచ్చును. ఆ పాట మాత్రము ఊరూర తిరుగును.

1888 మే 16వ తేదీన ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థలో బెర్లినర్ తన యంత్రమును పండితుల యెదుట ప్రదర్శించినాడు. ఆనాటి ఉపన్యాసములో అతడు కొన్ని భవిష్యద్వాక్యములు పలికినాడు. గాయకులు, వక్తలు తమ పలకల అమ్మకముపై రాయల్టీ పొందగలరనియు, అనుమతి లేక ప్రతులు తీయకుండ పలకలను నమోదు చేయవచ్చుననియు, పలకల సేకరణలు మిక్కిలి విలువగలవి కాగలవనియు, జనులు ఇండ్లలో సాయంకాలములంతయు ఒకదాని తరువాత ఒకటిగా పలకలు వినుచు గడుపుదురనియు అతడు ఊహించినాడు. అప్పటికి ఆ పలక చేతితో త్రిప్పవలసిన గరగరలాడు వింతవస్తువు. అయినను ఆ గరగరలోనే అతనికి భవిష్యత్తు వినిపించినది.

లోకము మాత్రము తొందరపడలేదు. మొదట ఈ యంత్రమును అమ్మినది జర్మనీలోని ఒక బొమ్మల కంపెనీ. 1889 ప్రాంతమున అయిదంగుళముల చిన్న పలకలతో అది పిల్లల ఆటవస్తువుగా బజారున కెక్కినది. 1890 తరువాత బెర్లినర్ అమెరికాలో కంపెనీలు పెట్టి, గట్టిరబ్బరుతో చేసిన ఏడంగుళముల పలకలను విక్రయించినాడు. రబ్బరు అన్నిచోట్ల ఒకే తీరుగా అచ్చుకు లొంగలేదు. అప్పుడు గుండీలు తయారుచేయు ఒక కర్మాగారములో వాడు లక్కమిశ్రమము అతని దృష్టికి వచ్చినది. లక్క మనకు క్రొత్తది కాదు. లక్కయింటి కథ భారతములో చదివినాము. ఏటికొప్పాక లక్కబొమ్మలతో ఆడుకొన్నాము. పురుగు చెట్టుకొమ్మపై పెట్టిన ఆ జిగురు వేడికి కరగి, చల్లారగానే గట్టిపడి, సూక్ష్మమైన గీతను కూడ విడువక పట్టుకొనును. ప్రపంచమునకు లక్క ప్రధానముగా మన దేశమునుండియే పోయెడిది. ఆ విధముగా 1895 మొదలు అర్ధశతాబ్దికి పైగా లోకములోని గొప్ప గొప్ప గొంతులను భరతఖండపు చెట్టుజిగురు మోసినది.

చేతితో త్రిప్పుటలో వేగము నిలకడగా ఉండదు. చేయి తొందరపడినచో గంభీరమైన గాత్రము కీచుగొంతు అగును. ఆ కొరతను తీర్చినవాడు న్యూజెర్సీలోని కామ్డెన్‌లో చిన్న యంత్రశాల నడుపు ఎల్‌డ్రిడ్జి జాన్సన్. 1896లో అతడు గడియారమువలె చుట్టచుట్టి వదలు స్ప్రింగుమోటారును అమర్చినాడు. గాయకులను వెదకి తెచ్చుటకు, ధ్వనిముద్రణ నడుపుటకు ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను యువకుడు ఉండనే యున్నాడు. 1898లో లండనులో గ్రామఫోను కంపెనీ వెలసినది. ఆ యేడే బెర్లినర్ సోదరుని యాజమాన్యమున హానోవరులో పలకల కర్మాగారము నెలకొన్నది. ఇరువది యెనిమిదేండ్ల క్రిందట ఉత్తచేతులతో విడిచిపోయిన ఊరికి అతడు పాటల పరిశ్రమను పంపినాడు.

సరిగా ఈ సమయముననే దెబ్బ తగిలినది. అమెరికాలో అతని సరుకును అమ్ము హక్కును ఫ్రాంక్ సీమన్ అను వ్యాపారికి ఒప్పగించి యుండిరి. లాభముల పంపకము వద్ద తగవు వచ్చినది. సీమన్ ప్రతిపక్షపు కంపెనీతో చేయి కలిపి, జోనోఫోను అను పోటీయంత్రమును బజారులో పెట్టినాడు. వ్యాజ్యములు సాగినవి. 1900 జూనులో న్యాయస్థానము ఇచ్చిన ఉత్తరువు ఫలితముగా బెర్లినర్ తాను కనిపెట్టిన యంత్రమును తన దేశములో తానే అమ్ముకొనరాని వాడైనాడు. నూయి త్రవ్వినవానికి నీరు త్రాగరాదన్నట్లయినది. గ్రామఫోను అను పేరే అమెరికా వ్యాపారమునుండి తొలగిపోయినది. నేటికిని అక్కడివారు ఎడిసన్ పెట్టిన ఫోనోగ్రాఫు అను పేరునే బెర్లినర్ పలకల యంత్రమునకు వాడుదురు. అతడు పెట్టిన పేరును నిలిపినవారు ఇంగ్లండువారును, మనవంటి దూరదేశములవారును.

ఇట్టి అన్యాయమునకు కొందరు జీవితమంతయు కోర్టుమెట్ల మీద గడుపుదురు. బెర్లినర్ అట్లు చేయలేదు. అతని హక్కుల ఆధారముగా జాన్సన్ వ్యాపారమును చేపట్టినాడు. 1901లో వెలసిన విక్టర్ కంపెనీ ఆ విధముగా పుట్టినదే. బెర్లినర్ కెనడాలోని మాంట్రియల్ చేరి అక్కడ కర్మాగారము నెలకొల్పినాడు. పోవునప్పుడు ఒక బొమ్మను మాత్రము వెంట తీసికొనిపోయినాడు. ఫ్రాన్సిస్ బారో అను ఆంగ్ల చిత్రకారుడు వేసిన బొమ్మ అది. కొమ్ముబూర ముందు చెవి రిక్కించి కూర్చున్న నిప్పర్ అను కుక్క బొమ్మ. చిత్రకారుడు మొదట కుక్క ముందు వేసినది ఎడిసన్ తరహా గొట్టముయంత్రమును. 1899లో లండను కంపెనీవారు దానిని గ్రామఫోనుగా మార్పించి కొన్నారు. 1900లో బెర్లినర్ ఆ బొమ్మను అమెరికాలో వ్యాపారముద్రగా నమోదు చేయించినాడు. మన పల్లెలలో అక్షరము రానివారు సైతము కుక్కబొమ్మ ప్లేటు అని గుర్తుపట్టిన ముద్ర అదియే.

ఇక మన దేశపు కథ. 1902 నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ గాత్రమును పలకపై ముద్రించినాడు. గంటల తరబడి రాగమును విస్తరించు గాయని మూడు నిమిషములలో పాట ముగింపవలసి వచ్చినది. పాట చివర ఆమె తన పేరును తానే గట్టిగా చెప్పెడిది. అది దర్పము కాదు, అవసరము. ఆనాడు మనదేశపు పాటల మూల అచ్చులు ఓడలపై హానోవరు పోయి, అక్కడ పలకలుగా అదుమబడి తిరిగి వచ్చెడివి. గాయని ఎవరో ఎరుగని జర్మన్ పనివారు పేరుచీటి అంటించుటకు ఆ ప్రకటన ఆధారము. కాశీ, కలకత్తాల గొంతులు బెర్లినర్ పుట్టిన ఊరికి పోయి ఒడలు ధరించి వచ్చినవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము తెరచిన తరువాత ఆ ప్రయాణము తప్పినది. 1928లో డమ్‌డమ్‌లో పెద్ద కర్మాగారము వచ్చినది.

ఆ పలక తెలుగుదేశమునకు చేసిన ఉపకారము చిన్నది కాదు. రాజాస్థానములలో, జమీందారుల కచేరులలో ఆహ్వానము గలవారికే అందిన సంగీతము సంతబజారుకు దిగివచ్చినది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యము, ఈలపాట రఘురామయ్య రాగము వారి నాటకములు ఏనాడును ఆడని గ్రామములకు కూడ పోయినవి. రాత్రంతయు నాటకము చూచి మరునాడు మరచిపోవు పద్యమును పదిసార్లు విని నేర్చుకొను వీలు కలిగినది. గురువు దొరకని పల్లెపిల్లవానికి పలకయే గురువైనది. నష్టము కూడ కొంత ఉన్నది. మూడు నిమిషముల కొలతకు రాగము కురుచ అయినది. సాగదీయవలసిన చోట గాయకుడు తొందరపడవలసి వచ్చినది. అయినను లాభనష్టములు తూచినచో లాభపుతట్టయే మొగ్గును.

బెర్లినర్ జీవితములో ధ్వనికి సంబంధింపని అధ్యాయము ఒకటి కలదు. ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు తప్పక చెప్పవలెను. 1900 ప్రాంతమున అతని చిన్నకుమార్తె ఆలిస్ పసితనమున కడుపువ్యాధితో ప్రాణాపాయస్థితికి వచ్చి బ్రతికినది. దానికి మూలము తెలిసికొనగోరి విచారించిన తండ్రికి, శుభ్రత లేని పచ్చిపాలవలన ఏటేట ఎందరు పసిబిడ్డలు మరణించుచున్నారో బోధపడినది. ఆ దినములలో పాలను కాచుటను గూర్చి వైద్యులలోనే భేదాభిప్రాయములు ఉండెను. బెర్లినర్ తన ధనమును, పలుకుబడిని వెచ్చించి వార్తాపత్రికలలో ప్రకటనలు వేయించినాడు, కరపత్రములు పంచినాడు, సంఘములు పెట్టినాడు. 1907లో వాషింగ్టనులో పాల విషయమై నిపుణుల సదస్సు జరిపించుటలో ప్రముఖపాత్ర వహించినాడు. పెద్దలకు చెప్పినది చాలదని, శుభ్రతను గూర్చి పిల్లలకొరకు చిన్న చిన్న గేయములు వ్రాసి 1919లో ప్రకటించినాడు. తండ్రి జ్ఞాపకార్థము క్షయరోగుల శాలకు సాయపడినాడు. తల్లి పేరిట స్త్రీలకు శాస్త్రపరిశోధనకై వేతనము ఏర్పరచినాడు. స్త్రీలు ప్రయోగశాలలో అడుగుపెట్టుటయే వింతగా నున్న కాలమది.

ముసలితనము కూడ అతనిని కుదురుగా కూర్చుండనీయలేదు. విమానములకు తేలికయైన తిరుగుడు యంత్రమును చేయించినాడు. నిట్టనిలువుగా పైకిలేచు విమానమును గూర్చి కుమారుడు హెన్రీతో కలిసి పాటుపడినాడు. 1922లో హెన్రీ అట్టి యంత్రమును సైనికాధికారుల యెదుట నేలవిడిచి ఎగురవేసినాడు. చివరి దినములలో సభాభవనములలో ప్రతిధ్వని అణగునట్లు గోడలకు అమర్చు పలకలను రూపొందించినాడు. ధ్వనిని పంపుటతో ఆరంభించి, ధ్వనిని నిలుపుటలో ప్రసిద్ధికెక్కి, ధ్వనిని అదుపుచేయుటతో ముగించినాడు. ఫ్రాంక్లిన్ సంస్థ 1913లోను, 1929లోను అతనికి పతకములిచ్చి గౌరవించినది.

1929 ఆగస్టు 3వ తేదీన వాషింగ్టనులో తన 78వ యేట బెర్లినర్ కన్నుమూసినాడు. తన అంత్యక్రియలను ఆడంబరము లేకుండ జరుపవలెననియు, ఆ డబ్బును చంటిబిడ్డలు గల పేదతల్లులకు ఇవ్వవలెననియు అతడు ముందే వ్రాసియుంచినాడు. లోకమునకు పాటలు పంచినవాని చివరి తలపు పసిబిడ్డల పాలగిన్నె చుట్టు తిరిగినదన్నమాట.

అతని మరణముతో పలక ఆగలేదు. 1948లో అమెరికాలో లక్కకు బదులు వినైల్ అను పదార్థముతో, నిమిషమునకు ముప్పదిమూడుంబావు కాదు, ముప్పదిమూడున్నొక్క మూడవవంతు చుట్లు తిరుగు పెద్దపలక వచ్చినది. మూడు నిమిషముల సంకెల తెగి, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాట సాగినది. పుస్తకములుండు చోటిని గ్రంథాలయమన్నట్లు, పలకలుండు చోటిని ఫ్రెంచివారు డిస్కోతెక్ అన్నారు. వాద్యబృందమునకు బదులు పలకలు వేసి నృత్యము చేయించు శాలలకు ఆ పేరే పోయినది. 1970 దశకములో అది డిస్కో అను కురుచపేరుతో లోకమంతయు మ్రోగినది. ఒక పలక ముగియుచుండగనే రెండవ పలకను అందించి, ఆట తెగకుండ నడుపు నేర్పరులు అక్కడ పుట్టినారు. వారిని డీజేలు అన్నారు.

మన పశ్చిమ ప్రకాశపు పల్లెలకు ఆ పేరు తరువాత వచ్చినది కాని, ఆ మనిషి ముందే ఉన్నాడు. పగలు సేద్యమో, రేడియో మరమ్మతో, మరియొక పనియో చేసికొని, పెండ్లిళ్ల దినములలో మైకుసెట్టు మోసికొని వచ్చి, పందిరిమూల కూర్చుండి, ప్లేటు మార్చుచు, సూది మార్చుచు, ఏ వేళకు ఏ పాటయో ఎరిగి వేసినవాడు అతడే. ఉదయము భక్తిపాట, తలంబ్రాలవేళ మంగళగీతము, అప్పగింతలవేళ కన్నీరు తెప్పించు పాట. వేసవి యెండకు పలకలు వంగిపోకుండ తడిగుడ్డ కప్పి కాపాడుకొన్నవాడును అతడే. ఇక పలకలను ప్రాణప్రదముగా కూర్చి దాచినవారు తెలుగువారిలో ఉన్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు సేకరించిన పాతపలకలు నలువదివేలకు పైమాట. సేకరణలు విలువగలవి కాగలవని 1888లో చెప్పిన మాట ఈ విధముగా మనలోను ఫలించినది.

ఒక వ్యక్తి గొప్పతనమును అతడు కనిపెట్టిన వస్తువుతోనే కొలుచుట మనకు అలవాటు. బెర్లినర్ విషయములో ఆ కొలత చాలదు. ధ్వనిముద్రణను మొదట సాధించినవాడు అతడు కాదు. స్ప్రింగుమోటారు అతనిది కాదు. లక్కమిశ్రమము అతనిది కాదు. కుక్కబొమ్మ అతనిది కాదు. ఇతరులు ఒకరికొరకు చేసిన దానిని అందరికొరకు చేయుటయే అతని ప్రతిభ. పాటకు ప్రతులు కావలెనన్న ఆలోచనయు, పాలు కాచి త్రాగవలెనన్న ప్రచారమును, పిల్లల గేయమును, తల్లిపేరిటి వేతనమును ఒకే హృదయమునుండి పుట్టినవి. మేలైనది ఏదైనను కొందరి సొత్తుగా ఉండరాదని అతని నమ్మకము.

నేడు పాట వినుటకు పలక అక్కరలేదు. చేతిలోని ఫోనే చాలును. కాని అటకలమీద, పాతపెట్టెలలో ఇంకను కొన్ని నల్లపలకలు ఉండవచ్చును. ఉపాధ్యాయులు అట్టి దానిని ఒకదానిని సంపాదించి తరగతికి తీసికొనిపోవుదురు గాక. పిల్లలచేతికి భూతద్దమిచ్చి గాడిని చూడుమనుడు. సన్ననిగీత వాగువలె వంకరలు పోవుట వారికి కనిపించును. ఆ వంకరలే ఒకనాటి మనిషి ఊపిరి. ఆ పలకను వారు జాగ్రత్తగా, అంచులు మాత్రమే పట్టుకొని, ఒకరి చేతినుండి ఒకరి చేతికి అందించుకొందురు గాక. బెర్లినర్‌కు అంతకుమించిన స్మారకచిహ్నము అక్కరలేదు.